ఎనిమిది జతల కళ్ళు

మా ఊరి పారిశ్రామికవాడలో సృజనోద్దీపన కేంద్రం అని ఒకటుంది. ఆ పేరు నోరు తిరగక అందరం దాన్ని షెడ్డు అంటాం. సొంతంగా మిషన్లు కొనుక్కోలేని వాళ్ళు అక్కడికి వెళ్ళి, అద్దె కట్టి, పని చేసుకుని రావచ్చు. వెల్డింగు వాళ్ళు వస్తారు, తలుపులు చేసే వడ్రంగులు వస్తారు. మీరాబీ, నేనూ వెళ్తాం.

మేం వెళ్ళేది వెనకగదిలో ఉన్న లేజర్ మిషన్ కోసం. చిన్నదే. కిరాణాకొట్లో ఐస్‌క్రీం పెట్టుకునే పెట్టె అంత ఉంటుంది. పైన మూత, మూతకి నల్లద్దం. కంప్యూటర్లో గీత గీసి, లోపల ప్లైవుడ్ చెక్క పెట్టి, బటన్ నొక్కితే, కంటికి కనబడని కిరణం ఒకటి ఆ గీత వెంట చెక్కని కాల్చుకుంటూ కోసుకుపోతుంది. కోసేచోట అగ్గిపుల్ల తలంత మంట ఉంటుంది. అది ఉంటే పని జరుగుతున్నట్టు. మంట చిటికెన వేలంత అయితే గాలి గొట్టం సరిగ్గా ఊదడం లేదన్నట్టు. అరచెయ్యంత అయితే ఎర్ర బటన్ నొక్కి, మూత తీసి, తడిగుడ్డ వేయాలి. అందుకని మీరాబీ మిషన్ నడిపేది, నేను తడిగుడ్డ పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. ఆ మిషన్ గురించి ఇంతకంటే తెలియాల్సింది లేదు. కాని ఆ సంగతి అప్పటికి పై వాళ్ళెవరికీ తెలియదు.

మా పని పెళ్ళి పేర్లు కోయడం. కల్యాణమండపంలో పీటల వెనక కట్టే తెర మీద పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతో ఉంటాయి కదా, అవి. మా ఆయన పోయాక నేను మీరాబీ దగ్గర పనికి చేరాను. అప్పట్లో థర్మాకోల్‌తో చేసేవాళ్ళం. మీరాబీ గీసిచ్చేది, నేను కోసేదాన్ని. ఎవరి పేరు కోస్తున్నానో తెలియకుండానే చాలామందికి పెళ్ళిళ్ళు చేశాను. కోసీ కోసీ, ఇదేంటని అడిగీ అడిగీ, చివరికి చదవడం వచ్చింది. ఒకసారి పెళ్ళికొడుకు పేరులో దీర్ఘం వదిలేశావని నేనే చెబితే మీరాబీ గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మో, ఇంక నీకాడ జాగ్రత్తగా ఉండాలక్కా" అంది.

ఆ వేసవిలో కల్యాణమండపం మేనేజరు బసవరాజు మా ఇద్దర్నీ పిలిచాడు.

"ఇంక థర్మాకోల్ వద్దు. కుప్పలు కుప్పలు మిగులుతోంది, మున్సిపాలిటీ వాళ్ళు ఎత్తడం లేదు. చెక్కతో చేస్తారా, చేయండి. లేదంటే ఫ్లెక్సీ అతను తిరుగుతున్నాడు, అతనికి మాటిచ్చేస్తా."

"చెక్కతోనే చేస్తాం అన్నా. మా చేతుల్లో పనే అది" అంది మీరాబీ. అప్పటిదాకా మేం షెడ్డులో కోసింది బొమ్మలకు, బల్లలకు చిన్న చిన్న పేర్లు.

"మాటలొద్దు. శ్రావణంలో ఒక పెళ్ళుంది. హిమజ, కిరీటి. ఆ పేర్లు చేసి చూపించండి. బాగుంటే సీజనంతా మీదే. లేదా నన్ను మళ్ళీ అడగొద్దు."

మాకు వేరే పని రాదు. శ్రావణానికి ఇంకా చాలా రోజులుంది. రెండు పేర్లకి ఒక పూట చాలు. నెమ్మదిగా కోద్దాంలే, రంగు బాగా ఆరాలి, ముందు మంచి చెక్క చూద్దాం అనుకున్నాం. అక్కడే పొరపాటు జరిగింది.

*

మేం మంచి చెక్క తీసుకుని షెడ్డుకి వెళ్ళిన రోజే, షెడ్డును నడిపే మండలి ప్రధాన భద్రతాధికారి పద్మాకరరావు గారు తనిఖీకి వచ్చారు. తనిఖీలో భాగంగా ఆయన తన ఇంటికి ఒక నేమ్‌ప్లేటు కోయించుకోవాలనుకున్నారు. టేకు చెక్క కారులోనే తెచ్చుకున్నారు. షెడ్డు ఇన్‌చార్జి ఫణీంద్ర గారు అంతా సిద్ధం చేసి, "మీ చేత్తోనే సార్" అన్నారు. పద్మాకరరావు గారు బటన్ నొక్కారు. అప్పుడే ఆయనకు ఫోనొచ్చింది. ఆయన వరండాలోకి నడిచారు. పెద్ద ఆఫీసరు నడిస్తే చిన్న ఆఫీసరు వెనక నడవాలి కాబట్టి ఫణీంద్ర గారూ నడిచారు. మిషన్ ఒక్కటే గదిలో ఉండిపోయింది.

మా వంతు కోసం బయట బెంచీ మీద కూర్చున్న మాకు మాడు వాసన వచ్చింది. మీరాబీ పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కింది. నేను తడిగుడ్డ వేశాను. మంట అయితే ఆరింది గాని, నేమ్‌ప్లేటు పెనం మీద మరిచిపోయిన దోసెలా అయింది.

మిషన్‌కు తాళం వేసి, దాని మీద విచారణ సంఘం వేశారు. సంఘానికి అధ్యక్షులు పద్మాకరరావు గారే. కొన్నాళ్ళకి ఆయన వచ్చి, షెడ్డులో అందరినీ నిలబెట్టి నివేదిక చదివారు.

"ప్రమాద సమయమున యంత్రము వద్ద ఎవరునూ లేరని నిర్ధారణ అయినది. ఎవరునూ లేనందున బాధ్యత ఎవరిపైననూ మోపుటకు వీలుపడలేదు. కావున ఇకమీదట ప్రమాదము జరిగినప్పుడు ఒకరు తప్పనిసరిగా ఉండవలెను. సదరు వ్యక్తిని పరిశీలకుడు అందురు. యంత్రము నడుచుచున్నంత సేపు పరిశీలకుడు దానిని నిరంతరాయముగా చూచుచుండవలెను."

మాకు సంతోషమే అయింది. మేం మొదటినుంచీ చేస్తున్నది అదే. అక్కడితో నోరు మూసుకుని ఉంటే శ్రావణానికి ముందే మా పని అయిపోయేది. కాని మీరాబీకి నోరూరుకోదు.

"సార్, నిరంతరాయం అన్నారు గదా. మరి రెప్ప వేసినప్పుడు ఎవరు చూస్తారు?"

నేను ఆమె మోచేతి దగ్గర గిల్లాను. అప్పటికే వెల్డింగు వాళ్ళు నవ్వారు. పద్మాకరరావు గారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మీరాబీ వంక చాలాసేపు చూశారు.

"ఏమ్మా, నీ పేరేంటి?"

"మీరాబీ సార్. ఊరికే అన్నా సార్."

"ఊరికే అనలేదు. క్షేత్రస్థాయి నుంచి వచ్చిన విలువైన సూచన ఇది. ఫణీంద్రా, రాసుకో."

*

సూచన రాసుకున్నారు. అది ఊరికే పోలేదు. తర్వాత మేం వెళ్ళేసరికి ఒకరికి ఇద్దరు పరిశీలకులున్నారు. ఎడమ పరిశీలకుడు, కుడి పరిశీలకుడు. ఒకరు రెప్ప వేసినప్పుడు ఇంకొకరు వేయకూడదు. నేను తడిగుడ్డ పట్టుకుని లోపలికి పోబోతే ఫణీంద్ర గారు ఆపారు.

"మీరు పరిశీలకులు కాకూడదమ్మా. మీకు పని పూర్తవ్వాలని ఉంటుంది. అటువంటి వాళ్ళు నిష్పక్షపాతంగా చూడలేరని మండలి అభిప్రాయం."

"మరెవరు చూస్తారు బాబూ?"

"పని పూర్తయినా కాకపోయినా ఫర్వాలేదనుకునే వాళ్ళని పెద్దాఫీసు నుంచి పంపించారు."

ఆ ఇద్దరిలో ఎడమ పరిశీలకుడు ఏసోబు. పెద్దాఫీసులో అటెండరు, త్వరలో రిటైరవుతాడు. మనిషి సరదా మనిషి. కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ నాతో అన్నాడు:

"అమ్మా, ఇన్నేళ్ళు ఆఫీసులో ఏం జరిగినా చూడనట్టు ఉండమన్నారు. చక్కగా అలవాటైంది. ఇప్పుడేమో చూడమంటున్నారు. కళ్ళు మాట వినటంలా."

మండలి వాళ్ళు ఒక శిక్షకుణ్ణి కూడా పంపించారు. ఆయన చప్పట్లు కొడుతూ నేర్పాడు. ఒకసారి కొడితే ఎడమ ఆయన రెప్ప, ఇంకోసారి కొడితే కుడి ఆయన రెప్ప. మీరాబీ "హి" పెట్టి బటన్ నొక్కింది. కిరణం కదిలింది. చెక్క మీద మొదటి వంపు తిరిగింది. అంతలో పొగ కొద్దిగా పైకి లేచి ఇద్దరికీ కళ్ళు మండి, ఇద్దరూ ఒకేసారి రెప్ప వేశారు.

"ఆపండి!" అని అరిచాడు శిక్షకుడు. "చూపు లోపం ఏర్పడింది!"

మిషన్ ఆపారు. సగంలో ఆపిన చెక్క మళ్ళీ అదే గీత మీదికి రాదు. ఆ చెక్క పోయింది. మీరాబీ దాన్ని చేతిలో పట్టుకుని, కోపం పట్టలేక, "ఈళ్ళు సరిగ్గా చూస్తన్నారో లేదో చూసేదానికి ఇంకొకాయన్ని పెట్టండి సార్, సరిపోద్ది" అంది.

ఈసారి నేను గట్టిగానే గిల్లాను. ఆలస్యమైపోయింది. శిక్షకుడు అప్పటికే ఫోనులో ఎక్కించుకుంటున్నాడు.

ప్రధాన పరిశీలకుడు వచ్చాడు. ఆయన మిషన్ వైపు వీపు పెట్టి, ఆ ఇద్దరి మొహాలు చూస్తూ కూర్చుంటాడు. రిటైరైన తహసీల్దారు అట. ఏసోబు చెప్పిన దాని ప్రకారం, ఒక మగవాడి కళ్ళలోకి ఇంకో మగవాడు అంతసేపు చూస్తే ఇద్దరికీ నవ్వైనా రావాలి, తగాదా అయినా రావాలి. వాళ్ళకి రెండూ వచ్చాయి. అది నమోదు చేయడానికి ఒకాయన్ని వేశారు. మంట కనబడే ముందు వాసన వస్తుందని ఎవరో శాస్త్రం చెప్పడంతో ఘ్రాణ పరిశీలకుడు వచ్చాడు. ఆయన కళ్ళు మూసుకుని కూర్చోవాలి. కళ్ళు మూసుకుని ఆయన ఏం చేస్తున్నదీ గురక వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. గురక వల్ల మిషన్ చప్పుడులో తేడా తెలియడం లేదని శ్రవణ పరిశీలకుణ్ణి తెచ్చారు.

ఇంతమందిని సర్దేసరికి ఆషాఢం వచ్చేసింది. ప్రతిసారీ ఏదో ఒక నియామకం పూర్తి కాలేదనో, ఒకరు సెలవు పెట్టారనో మమ్మల్ని తిప్పి పంపారు. ఒకరోజు అంతా కుదిరింది, అందరూ వచ్చారు. మీరాబీ లోపలికి అడుగు పెట్టి, వాసన చూసే ఆయన్ని చూసి నా చెవిలో అంది:

"అక్కా, ఆయనకి జలుబు చేసినట్టుందే."

నా చెవిలోనే అంది. శ్రవణ పరిశీలకుడు విన్నాడు. ఆయన పని ఆయన బాగానే చేస్తున్నాడని అప్పుడు తెలిసింది.

*

ప్రత్యామ్నాయ ఘ్రాణ పరిశీలకుడు చేరాక, తలుపు తీసుకుని ఎవరైనా వచ్చి వీళ్ళందరి చూపూ చెదరగొడతారేమోనని తలుపు దగ్గర ఒకణ్ణి పెట్టారు. మొత్తం ఎనిమిది మంది అయ్యారు. సరిగ్గా అప్పుడే అగ్నిమాపక శాఖ నుంచి తాఖీదు వచ్చింది. ఆ గది చిన్నది, అందులో ఎనిమిది మందికి మించి ఉండరాదు.

ఫణీంద్ర గారు ఆ కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"చెప్పండి బాబూ, ఎవరిని తీసేస్తారు?" అన్నాను.

"పరిశీలకుల్ని తీయడానికి లేదమ్మా. అవి మంజూరైన పోస్టులు."

"మరి?"

"మిషన్ నడిపే వాళ్ళకి మంజూరైన పోస్టు లేదు. మీరు బయటి నుంచి నడుపుకోవచ్చని రాశారు."

"బటన్ లోపలుంది గదయ్యా!" అంది మీరాబీ. "కిటికీలోంచి కర్రతో పొడవమంటారా?"

"కిటికీ మూసేశారమ్మా. గాలికి ఒకాయనకు కళ్ళలో నీళ్ళు వస్తున్నాయని."

"పోనీ ఏసోబన్నని నొక్కమనండి. చెయ్యి చాపితే అందుద్ది."

"చెయ్యి చాపితే చూపు చేతి మీదికి పోతుందమ్మా" అన్నారు ఫణీంద్ర గారు. ఆయన ఆ మాట ఎగతాళిగా అనలేదు. ఆయనవి కాంట్రాక్టు ఉద్యోగులకుండే కళ్ళు. ప్రతి మార్చిలోనూ భయపడే కళ్ళు. "నేను పద్మాకరరావు గారితో మాట్లాడతాను" అన్నారు. మాట్లాడారు కూడా. మర్నాడు సమాధానం వచ్చింది. మిషన్ ఆగి ఉన్నప్పుడు కూడా పరిశీలన కొనసాగించాలి, ఎందుకంటే అది ఆగి ఉన్నదని చూస్తేనే గదా తెలిసేది.

అట్లా మా షెడ్డులో ఆగిపోయిన మిషన్‌ను ఎనిమిది మంది పొద్దున్నించి సాయంత్రం దాకా చూడటం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనానికి వంతులు వేసుకున్నారు. ఏసోబు ఇంటికి పోయినా రెప్ప ఆచితూచి వేస్తున్నాడట. పక్కన కుడి పరిశీలకుడు లేకుండా రెండు కళ్ళూ ఒకేసారి మూయడానికి మనసొప్పడం లేదని వాళ్ళావిడ మాతో చెప్పుకుని బాధపడింది.

మేం ఊరుకోలేదు. చేతిరంపం తెచ్చి ఇంట్లోనే కోయబోయాం. థర్మాకోల్ వెన్నలాంటిది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ప్లైవుడ్ తిరగదు. మన అక్షరాలేమో ఒక్కటీ నిటారుగా ఉండదు, అన్నీ వంపులే. రంపం బ్లేళ్ళు పుటుక్కు పుటుక్కున విరిగాయి. ఎట్లాగో రెండక్షరాలు కోసి బసవరాజుకు చూపిస్తే, వాటి అంచు మీద వేలు పెట్టి వెంటనే తీసేసుకున్నాడు.

"ఇది హిమజా, ముళ్ళకంపా? పెళ్ళికూతురు చీర తగులుకుని చిరిగితే, ఆ అమ్మాయి బదులు పీటల మీద నేను కూర్చోవాలి. పెళ్ళిరోజు పొద్దుటి దాకా చూస్తా. ఆ తర్వాత ఫ్లెక్సీయే."

*

పెళ్ళికి ముందు రోజు షెడ్డులో సన్మానం పెట్టారు. లేజర్ మిషన్ ఉన్న కేంద్రాలన్నిటిలోకీ ఈ మధ్యకాలంలో నిప్పురవ్వ కూడా లేవనిది ఇదొక్కటేనని మా షెడ్డుకు ఉత్తమ అగ్నిరహిత కేంద్రం బహుమతి వచ్చింది. మండలి అధ్యక్షుల వారే వచ్చారు. మమ్మల్ని కూడా పిలిచారు. లబ్ధిదారులు ఒకరిద్దరు మాట్లాడాలట.

"ఏం లబ్ధి పొందామని చెబుదాం అక్కా?" అంది మీరాబీ. ఆమె చేతిలో సంచీ ఉంది. సంచీలో కొత్త ప్లైవుడ్ ఉంది. ఎందుకు తెచ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

సభ ముందు హాల్లో. వెనకగది తలుపులు తెరిచి పెట్టారు, అధ్యక్షుల వారికి పరిశీలన జరిగే విధానం కనబడాలని. ఎనిమిది మందికీ కొత్త యూనిఫారాలు. మిషన్ మీద పూలదండ వేశారు. పద్మాకరరావు గారు మైకు ముందుకు వచ్చారు.

"గౌరవనీయులైన అధ్యక్షుల వారికి సవినయంగా మనవి. గతమున ఈ యంత్రము నడిచెడిది, ప్రమాదమునకు ఆస్కారముండెడిది. నేడు మన సమగ్ర పరిశీలనా విధానము వలన ఆ ఆస్కారమును సమూలముగా తొలగించినాము. దృష్టి, ఘ్రాణము, శ్రవణము అను మూడంచెల రక్షణ ప్రపంచములో మరెక్కడను లేదని నా విశ్వాసము."

చప్పట్లు కొట్టారు. వెనకగదిలో ఎనిమిది మందీ కొట్టలేదు, వాళ్ళు డ్యూటీలో ఉన్నారు.

అధ్యక్షుల వారు దీపం వెలిగించారు. అయిదు వత్తులు. దీపపు సెమ్మెకు వెనకగా, ఉత్తమ అగ్నిరహిత కేంద్రం అని రాసిన ఫ్లెక్సీ వేదిక అంత పొడవున కట్టారు. అధ్యక్షుల వారికి చెమట పడుతోందని ఎవరో స్టాండు ఫ్యాను అటు తిప్పారు. ఫ్లెక్సీ ఒక్కసారి పొంగి, చివర్న ఉన్న కొస దీపం మీదికి వచ్చి, వత్తిని ముద్దు పెట్టుకున్నట్టు తాకి వెనక్కి పోయింది. వెనక్కి పోయేటప్పుడు మంట తీసుకుపోయింది.

అధ్యక్షుల వారు అటు తిరిగి లేరు. పద్మాకరరావు గారు మైకులో ఉన్నారు. మంట మెల్లగా పైకెక్కుతోంది. వెనకగదిలోంచి వాసన చూసే ఆయన గొంతు వినబడింది.

"పొగ వాసన వస్తోంది."

"యంత్రం నుంచా?" ఆ ఇద్దరి మొహాల మీంచి చూపు తీయని ప్రధాన పరిశీలకుడి గొంతు.

"కాదు. వెనక నుంచి."

"వెనక మన పరిధి కాదు."

"ఏసోబన్నా! వెనక్కి తిరిగి చూడు, మంటలు!" అని మీరాబీ అరిచింది.

"తిరగకూడదమ్మా" అన్నాడు ఏసోబు, మిషన్ వంకే చూస్తూ. "తిరిగితే మెమో ఇస్తారు. ఎంతవరకు వచ్చింది?"

నేను ఫ్లెక్సీ కింది కొస పట్టుకుని గుంజాను. అంతా కూలి కింద పడింది. మీరాబీ అతిథుల కోసం పెట్టిన మజ్జిగ డ్రమ్ము ఎత్తి కుమ్మరించింది. మంట ఆరింది, దీపం ఆరింది, అధ్యక్షుల వారి బూట్లు తడిశాయి. కాలిపోగా మిగిలిన ఫ్లెక్సీ మీద అగ్ని అనే మాట ఒక్కటే ఉంది. రహితం కాలిపోయింది.

అధ్యక్షుల వారు బూటు విదిలించి పద్మాకరరావు గారి వంక చూశారు. ఆయన మైకు సర్దుకున్నారు.

"అధ్యక్షా, ఒక్క విషయము గమనించ ప్రార్థన. ఇది యంత్రము వలన సంభవించినది కాదు. యంత్రము విషయమున మన రికార్డు చెక్కుచెదరలేదు."

అధ్యక్షుల వారు ఆలోచించి, తల ఊపారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు మీరాబీ నా వైపు చూసింది. ఏదో అడగబోతోందని తెలిసింది. నా చెయ్యి అలవాటు కొద్దీ ఆమె మోచేతి దాకా వెళ్ళింది. వెళ్ళి, గిల్లకుండా, ముందుకు తోసింది.

"అది సరే సార్" అంది మీరాబీ, చాలా వినయంగా. "మరి దీపాన్ని ఎవరు చూస్తన్నారు?"

పద్మాకరరావు గారు కళ్ళజోడు తీశారు.

అత్యవసర సమావేశం అక్కడికక్కడే, మజ్జిగ మధ్యలోనే జరిగింది. మిషన్‌లో మంట పుట్టవచ్చు, పుట్టకపోవచ్చు. దీపంలో ఉన్నదే మంట. ఇన్నాళ్ళుగా దీపాలు ఎవరి పరిశీలనా లేకుండా వెలుగుతున్నాయని తలుచుకుని అధ్యక్షుల వారే నొచ్చుకున్నారు. శిక్షణ పొందిన సిబ్బంది ఎనిమిది మందే ఉన్నారు గనుక, వాళ్ళందరినీ తక్షణమే అమలులోనికి వచ్చునట్లు దీపం మీదికి బదిలీ చేశారు. లోపల ప్రమాదమని సెమ్మెను ఆవరణలోకి మోసుకుపోయారు. ఆరిన దీపాన్ని పరిశీలించడం శిక్షణలో లేదని ఎవరో అంటే, మళ్ళీ వెలిగించారు. ఎనిమిది మందీ చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. గాలి వస్తోంది కాబట్టి ఆఫీసర్లంతా అడ్డంగా నిలబడ్డారు.

షెడ్డు ఖాళీ అయింది. నేను, మీరాబీ, తలుపు దగ్గర ఫణీంద్ర గారు.

మేం ఆయన్ని చూశాం. ఆయన మీరాబీ సంచీని చూశారు. పరిశీలకులు లేకుండా మిషన్ నడిపితే మొదట పోయేది ఆయన ఉద్యోగమే. ఆ మాట మాకూ తెలుసు. మీరాబీ సంచీ కింద పెట్టేసింది. పోనీలే అన్నట్టు.

"బయట ఎంత పొద్దు పోయిందో" అన్నారు ఫణీంద్ర గారు. "చూసొస్తా." ఆయన ఎక్కడికీ పోలేదు. గుమ్మంలోనే, మా వైపు వీపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ లోపలికి రాకుండా గుమ్మానికి సరిపోయేంతగా నిలబడ్డారు. కాసేపాగి, తల తిప్పకుండానే అన్నారు: "గాలి గొట్టం బాగానే ఊదుతోందమ్మా, పొద్దున్నే తుడిచాను."

మీరాబీ మిషన్ మీది దండ తీసి నా మెడలో వేసి బటన్ నొక్కింది. నేను అధ్యక్షుల వారికి కప్పాల్సిన శాలువా మజ్జిగలో తడిసి ఉంటే, అది పట్టుకుని నిలబడ్డాను. కిరణం కదిలింది. హిమజ ఒక చెక్కలో, కిరీటి ఇంకో చెక్కలో. అంచులు నిగనిగలాడుతూ వచ్చాయి. బయట దీపాన్ని ఎట్లా చూడాలో పద్మాకరరావు గారు వివరిస్తూనే ఉన్నారు.

*

తెల్లవారి రంగు వేసిన అక్షరాలు తీసుకుని మండపానికి వెళ్ళాం. బసవరాజు అంచు మీద వేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. ఈసారి వేలు తీసేసుకోలేదు.

"ఇదీ పనంటే. ఫ్లెక్సీ అతన్ని రావద్దని చెప్పేస్తా. భాద్రపదం పోయాక వరసగా పెళ్ళిళ్ళున్నాయి."

తెరకు అక్షరాలు అంటించాం. మేళం వాళ్ళు వచ్చారు. బసవరాజు గడియారం చూసుకుని, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు.

"నాంచారమ్మా, పెళ్ళివాళ్ళు బయల్దేరారంట. నీకు తెలుసుగా."

తెలుసు. మా ఆయన పోయినప్పటి నుంచి తెలుసు. పెళ్ళివాళ్ళు వచ్చేసరికి నేను కనబడకూడదు. ఎదురు రాకూడదు. దీనికి విచారణ సంఘం ఎవరూ వేయలేదు, శిక్షణ ఎవరూ ఇవ్వలేదు, పోస్టులు మంజూరు కాలేదు. అయినా మా ఊళ్ళో ఇంత సక్రమంగా అమలు జరిగే నిబంధన ఇంకోటి లేదు.

"ఆడేమో ఎనిమిది మంది చూస్తే గాని పని జరగకూడదన్నారు" అంది మీరాబీ, నాతో పాటు వెనక దారి వైపు నడుస్తూ. "ఈడేమో ఒక్క మనిషి కనబడితే జరగదంటారు. పద అక్కా, టీ తాగుదాం."

టీ తాగడం కుదరలేదు. వెనక వసారాలో మా సామాన్లు కడిగి సర్దుకునేసరికి చాలాసేపు పట్టింది, మేం వెనక తలుపు దాటకముందే బసవరాజు మొహం పాలిపోయి పరిగెత్తుకొచ్చాడు. ఆఖరు నిమిషంలో అంటించాం కదా, జిగురు ఆరలేదు. కిరీటిలో చివరి అక్షరం జారుతోంది. పెళ్ళికొడుకు అప్పటికే పీటల మీద కూర్చున్నాడు. ముందు నుంచి ఎవరూ ఎక్కి సర్దడానికి లేదు. జారిందంటే సరిగ్గా అతని నెత్తి మీదికే.

"వెనక నుంచి పట్టుకోవచ్చు" అన్నాను. "తెరలో సందుంది. ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు."

"నేను పట్టుకుంటా" అంది మీరాబీ. ఆమె పొట్టి, అందదు.

బసవరాజు నా వంక చూశాడు, మండపం వంక చూశాడు. మేళం జోరందుకుంది. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఎదురు రాకూడదనే గదా అంటారు" అన్నాడు, ఎవరితోనో వాదిస్తున్నట్టు. "వెనక ఉండకూడదని ఎవరూ అన్లేదు." అని, ఇంక నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

తెర వెనక చీకటిగా ఉంది. సందులోంచి రెండు చేతులూ పెట్టి అక్షరాన్ని అదిమి పట్టుకున్నాను. నాకూ పెళ్ళికొడుక్కీ మధ్య గుడ్డ ఒక్కటే అడ్డం. అతను పక్కకి వంగి, "హిమా, ఆకలేస్తోంది" అనడం, ఆ అమ్మాయి "మెల్లగా, మైకుంది" అనడం కూడా వినబడింది. మంగళసూత్రం కట్టేటప్పుడు గట్టిమేళం మోగింది. జనమంతా ఒక్కసారి లేచి అక్షింతలు వేశారు. వెనక వరసల వాళ్ళు బలంగా విసిరినట్టున్నారు, నాలుగు గింజలు తెర మీదుగా వచ్చి నా తల మీద పడ్డాయి.

దులుపుకోవడానికి చేతులు ఖాళీ లేవు.